రంగు వేయనక్కరలేని కోడి

మా మేనకోడలి కూతురు ఒకటో తరగతి చదువుతోంది. కిందటి సంక్రాంతి సెలవులకు పశ్చిమగోదావరిలో తాతగారింటికి వెళ్లి పది రోజులు పెరట్లో కోళ్ల వెంట తిరిగివచ్చింది. సెలవులయ్యాక బడిలో ఒక కాగితం చేతికిచ్చారు. ఎక్కడో జాలంలో దొరికిన బొమ్మను అచ్చొత్తించి పంచిపెట్టినట్టుంది. కోణాకారపు కప్పున్న కొట్టం, దాని ముందు ఒక కోడిపెట్ట, వెనకాల మూడు పిల్లలు, పైన ఒక మూల నవ్వుతున్న సూర్యుడు. కింద "కోళ్ల గురించి సరదా సంగతులు" అంటూ అయిదు వాక్యాలు. బొమ్మకు రంగులు వేసి, ఆ అయిదు వాక్యాలూ కంఠస్థం చేసి రావాలన్నది ఇంటిపని.

అమ్మాయి రంగులు వేసింది. మెడకు నిప్పుల ఎరుపు, వీపు మీద కాస్త ఇటుక రంగు, రొమ్ముకు నలుపు, తోకకు నలుపు మీద మళ్లీ ఆకుపచ్చ. పిల్లల్లో ఒకదానికి గోధుమరంగు వేసి, వీపు మీద ఉడుతకున్నట్టు చారలు గీసింది. ఆ కాగితం మర్నాడు ఎర్రసిరా ప్రశ్నార్థకంతో తిరిగివచ్చింది. పక్కన ఇంగ్లీషులో ఒక మాట. తాత్పర్యమేమంటే: కోడి తెలుపు, జుట్టు ఎరుపు, ముక్కు పసుపు, పిల్లలు పసుపు; మళ్లీ వేసి తీసుకురావాలి. దానికి మరో ఖాళీ కాగితం జత.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆ పిల్ల నేల మీద బోర్లా పడుకుని తెల్లరంగు పెన్సిలుతో తెల్లకాగితాన్ని రుద్దుతోంది.

"తాతయ్యా, ఎంత వేసినా రంగు కనబడట్లేదు."

వాళ్లమ్మ వంటింట్లోంచి, "పోనిద్దూ మామయ్యా, చిన్నపిల్లల లెక్క. వాళ్లు చెప్పినట్టు వేసిచ్చేస్తే గొడవ వదిలిపోతుంది" అంది.

గొడవ వదలలేదు, నన్ను పట్టుకుంది. అందుకే ఈ టపా. రంగులు వేయమని ఇచ్చిన బొమ్మకు సరైన సమాధానం రంగు వేయకపోవడమేనని తేలిన తరువాత ఊరుకుంటే, నాకు అక్షరాలు నేర్పినవాళ్లకు అపచారం చేసినట్టవుతుంది.

ముందుగా ఒక మాట. ఆ పంతులమ్మగారి మీద నాకు కోపం లేదు. నలభైమంది పిల్లల కాగితాలు ఒక్క పూటలో దిద్దాలి. చేతిలో ఒక నమూనా ఉంది, దానితో పోల్చి చూశారు. నా తగవు ఆ నమూనాతో. కోడికి ఒకే రంగు ఉంటుందన్న తీర్పుతో. ఆ తీర్పును మన ఇళ్లలోకి, అందులోనూ తెలుగువాళ్ల ఇళ్లలోకి, నోరెత్తకుండా రానిచ్చిన మనతో.

ఆ తెల్లకోడి ఎక్కడిది? దాని పేరు వైట్ లెగ్‌హార్న్. ఇటలీలోని లివోర్నో రేవు పేరును ఇంగ్లీషువాళ్లు తమ నోటికి తగ్గట్టు లెగ్‌హార్న్ చేసుకున్నారు. ఆ ప్రాంతపు కోళ్లు పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో అమెరికా చేరాయి. అక్కడ గుడ్ల కోసం ఏరి ఏరి పెంచగా పెంచగా తేలిన తెల్లజాతి లోకమంతా పాకింది. మన గుడ్ల ఫారాలలోని తెల్లకోళ్లు ఆ వంశంలోవే. తెల్ల గుడ్డు చవకగా దొరకడానికి ఆ కోడే కారణం. 2023లో వెలువడిన కేంద్ర గణాంకాల ప్రకారం దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. కనుక తెల్లకోడిని నేను తీసిపారేయడం లేదు. అది మన మధ్యాహ్న భోజనపు పళ్లెంలోకి గుడ్డు తెచ్చిన కోడి.

కాని ఆ బొమ్మ ఆ తెల్లకోడి విషయంలోనైనా నిజం చెబుతోందా? చెప్పడం లేదు. గుడ్ల కోసం పెంచిన ఈ జాతిలో పొదిగే స్వభావాన్ని మనిషి తరతరాలుగా ఏరిపారేశాడు. పొదుగుడుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుంది, అది వ్యాపారికి నష్టం. కాబట్టి ఫారం పెట్ట పొదగదు. ఆ జాతి పిల్లలు యంత్రంలో పుడతాయి, తల్లిని చూడవు. బొమ్మలోనేమో తెల్లపెట్ట వెనకాల పసుపు పిల్లలు వరసకట్టి నడుస్తున్నాయి! రంగును ఫారం నుంచి తీసుకున్నారు, మాతృత్వాన్ని పల్లె పెరటి నుంచి తీసుకున్నారు, కొట్టాన్ని అమెరికా నుంచి తీసుకున్నారు. మూడింటినీ ఒకచోట అతికించి, దానికి సరిపోలని కోడిని తప్పు కోడి అన్నారు. నిజంగా పిల్లల్ని వెంటేసుకుని తిరిగే పెట్ట మన పెరటి నాటుపెట్ట. దాని పిల్లల్లో నల్లవి ఉంటాయి, గోధుమరంగువి ఉంటాయి, వీపున చారలున్నవి ఉంటాయి. ఆరేళ్ల పిల్ల వేసిన ఉడుతచారలు చూసి వేసినవి.

పోనీ పైన చెప్పిన అయిదు సరదా సంగతుల మాటేమిటి? అవి కూడా చదివాను. "కోళ్లు ఎగరలేవు" అన్నది మొదటిది. మా బావగారి పెరట్లో కోళ్లు పొద్దుగూకగానే మునగచెట్టెక్కి పడుకుంటాయి. నిచ్చెన వేసుకుని ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. దూరం ఎగరలేవు అంటే సరిపోయేది. "డైనోసారుకు అతి దగ్గరి చుట్టం కోడి" అన్నది రెండోది. పక్షులన్నీ ఆ వంశం నుంచి వచ్చినవే. పిచ్చుకకూ కాకికీ ఉన్న చుట్టరికమే కోడికీ ఉంది, ఎక్కువేమీ లేదు. "సూర్యుణ్ణి చూసి కోడి కూస్తుంది" అన్నది మూడోది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2013లో పుంజులను రోజుల తరబడి మసక వెలుతురులోనే ఉంచి చూశారు. వెలుగు మారకపోయినా అవి ఇంచుమించు వేళకే కూశాయి. గడియారం కోడి ఒంట్లోనే ఉంది. 2015లో వాళ్లే మరొకటి చెప్పారు: గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుంది, మిగిలినవి హోదా వరసలో తరువాత అందుకుంటాయి. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మను తలచుకుని నవ్వే జాతికి ఈ సంగతి ఎంత ముద్దుగా ఉంటుందో చూడండి. ఇందులో సరదా లేదా? ఉంది. కాని ఇందులో ఎలా తెలిసిందన్నది కూడా ఉంది. కంఠస్థం చేసే వాక్యంలో అది ఉండదు.

నాలుగోది తల నరికినా ఏడాదిన్నర బతికిన కోడి గురించి. ఇది జరిగిన సంగతే; 1945లో అమెరికాలోని కొలరాడోలో. మెదడు అడుగుభాగం తెగకుండా మిగిలిపోవడం వల్ల ఊపిరీ నడకా ఆగలేదు. గొంతులోకి చుక్కమందు గొట్టంతో ఆహారం పోసి, ఊరూరా తిప్పి డబ్బు చేసుకున్నారు. కారణం తీసేసి వింత మాత్రం ఆరేళ్ల పిల్లకు చెప్పడం సరదా ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. అయిదోది, "కోడి అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది." బతకనిస్తే బతుకుతుంది. మన అంగట్లో తూకానికి దొరికే బ్రాయిలరుకు ఆరేడు వారాలకే నూరేళ్లూ నిండుతాయి. పసిపిల్లలకు ఆ సంగతి చెప్పి ఏడిపించమని నేననను. తెలియనివ్వకూడదనుకున్నప్పుడు వయసు ప్రస్తావనే మానేయవచ్చు. ఏ కోడికీ మిగలని ఆయుర్దాయాన్ని సత్యంగా నేర్పనక్కరలేదు.

ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. అసలు తగవు అక్కడుంది.

ఆ పిల్ల తోకకు నలుపు మీద ఆకుపచ్చ ఎందుకు వేసింది? పుంజు తోక ఈకను ఎండలో తిప్పి చూసినవాళ్లకు తెలుస్తుంది. నీడలో నలుపు, ఎండలో ఆకుపచ్చ, ఇంకో పక్కకు వంచితే నీలం. ఆ ఆకుపచ్చ రంగుద్రవ్యం వల్ల వచ్చినది కాదు. ఈకలోని నల్లరేణువులు అతి సన్నని పొరలుగా పేర్చి ఉండటం వల్ల వెలుగు విరిగి, కలిసి, మెరిసే మెరుపు అది. సబ్బుబుడగ మీది రంగులకూ నెమలికన్ను రంగులకూ ఇదే కుటుంబం. అంటే ఈ చిన్నది నలుపు మీద ఆకుపచ్చ వేసి, పెద్దయ్యాక పుస్తకంలో చదవవలసిన సంగతిని ముందే చూసేసింది. దాని మీద మనం ప్రశ్నార్థకం పెట్టాం. (అది పుంజు రంగు, పెట్టకు వేసిందని అనవచ్చు. ఒప్పుకుంటాను. అలా అడిగి ఉంటే ఎంత బాగుండేది! పుంజుకు ఆ మెరుపెందుకు, పెట్టకు మట్టిరంగెందుకు అన్న ప్రశ్న ఒక గంట పాఠం.)

జుట్టు ఎర్రగానే ఉండాలా? మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడికి జుట్టు నలుపు, చర్మం నలుపు, మాంసమూ నలుపే. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మెడ మీద ఈకలే లేని కోళ్లున్నాయి. ఇక ఆ తెల్లకోడి పసుపుకాళ్ల కథ వినండి. పెంపుడుకోడికి ముఖ్య పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. కాని పసుపు చర్మాన్నిచ్చే జన్యువు ఆ వైపు నుంచి రాలేదని, మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చి కలిసిందని 2008లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అమెరికా కొట్టం ముందు నిలబడ్డ ఇటలీ కోడికి మన అడవి పసుపు అంటిందన్నమాట. ఇలాంటిదాన్ని సరదా సంగతి అంటే నేను చప్పట్లు కొడతాను.

ఇంకొకటి. మన కంటిలో రంగును పట్టే శంకుకణాలు మూడు రకాలు. కోడి కంటిలో నాలుగు. మనకు కనబడని అతినీలలోహితపు అంచు కొంత దానికి కనబడుతుంది. మనం ఏ పన్నెండు పెన్సిళ్ల పెట్టె తెచ్చినా కోడికి కోడి కనబడే రంగుల్లో ఒకటి రెండు తక్కువే పడతాయి. అలాంటి ప్రాణి బొమ్మను పెట్టుకుని, సరైన రంగు ఇదొక్కటే అని ఎర్రసిరాతో నిర్ణయించే సాహసం మనిషే చేయగలడు.

ఇక మాటల సంగతి. తెలుగులో రాయడానికి కూర్చున్నవాళ్లం కనుక ఇది మనకు మరీ సూటిగా తగలాలి.

కోడి రంగులకు తెలుగులో ఉన్నన్ని పేర్లు నేను మరో జంతువు విషయంలో వినలేదు. ఎర్రటి ఈకలుంటే డేగ. నల్లవైతే కాకి. తెల్లవైతే సేతువ. మెడ ఈకలు నల్లగా ఉంటే సవల. మెడ మీద నలుపూ తెలుపూ సరిసమానంగా కలిస్తే పర్ల. రెక్కల మీదనో వీపు మీదనో పసుపు తిరిగితే నెమలి. ఎరుపూ బూడిదరంగూ కలిస్తే మైల. ఒక్కొక్క ఈకలోనే నలుపూ తెలుపూ ఎరుపూ ఉంటే పూల. లేత బంగారు రంగుకు అబ్రాసు. తెలుపులో లేత ఎరుపు కలిస్తే గేరువా. రెక్కల్లో తెలుపెక్కువై అక్కడక్కడ నలుపూ గోధుమా తగిలితే పింగళ. ఇవి మళ్లీ రెండేసి కలిసి కాకిడేగ, నెమలికాకి వంటి జంటపేర్లు పుడతాయి. ఊరిని బట్టి అర్థం కొంచెం అటూఇటూ జరుగుతుంది, అది జీవభాష లక్షణం. మా చిన్నది వేసిన కోడి తప్పుకోడి కాదు. దానికి పేరుంది. అది కాకిడేగ.

ఈ మాటలు ఇప్పుడు ఎక్కడ బతుకుతున్నాయి? పందెపు బరిలో. ఏ కోడి ఏ వారం, ఏ దిక్కున గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రపు పుటల్లో. సంక్రాంతి మూడు రోజులు కత్తి కట్టి, లక్షలు కాసే చోట. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కోళ్లను పోట్లాడించడాన్ని నేరమంది. 1974 నాటి మన జూద చట్టం ఆ పందేన్నీ కలుపుకుంది. ఆ చట్టాలు నాకు సమ్మతమే. నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం పల్నాటిని ఎక్కడికి తీసుకుపోయిందో కథగా విన్న జాతి మనది.

ఇక్కడే ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "జూదరుల మాటల్ని ఒకటో తరగతి పిల్లలకు నేర్పమంటావా?" అని. న్యాయమైన ప్రశ్న. నా సమాధానం ఇది. ఈ పేర్లు పుట్టింది చూపులోంచి. మెడనూ, రెక్కనూ, ఒక్కొక్క ఈకనూ విడివిడిగా చూసిన కంటికి తప్ప పర్లకూ పింగళకూ తేడా తెలియదు. ఆ చూపు రైతుది, పెరట్లో గంప ఎత్తే ఇల్లాలిది, గుంపులో తమ కోడిని గుర్తుపట్టవలసిన ప్రతివాడిదీ. జూదరి ఆ మాటలను వాడుకున్నాడు. మనం వాడుక మానేశాం. వాడేవాడి చేతిలో ఉన్న మాట వాడిదే అవుతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయి, అందులో ఎవడో చేరాడని ఫిర్యాదు చేస్తే ఏం లాభం? పందెం పోవాలని నాకూ ఉంది. పందెంతోపాటు ఈ మాటలు కూడా పోతే మాత్రం, తప్పు పందెంగాళ్లది కాదు, బడిలో కోడి తెలుపు అని రాసిన మనది.

రెండో అభ్యంతరం మా మేనకోడలిది. "ఇది వేళ్లు తిరగడానికిచ్చే పని మామయ్యా, గీత దాటకుండా వేయడం నేర్చుకుంటారు, అంతే." వేళ్లు తిరగడానికే అయితే కాకిడేగ వేసినా వేళ్లు తిరుగుతాయి. ఆ మాటకొస్తే అయిదు రంగులు మార్చి వేసినప్పుడు ఎక్కువ తిరుగుతాయి. ఎర్రసిరా గీత దాటినందుకు పడలేదు. చూసినది వేసినందుకు పడింది. కంటితో చూసినదానికీ కాగితం చెప్పినదానికీ పేచీ వస్తే కాగితమే గెలుస్తుందని ఆ పిల్ల ఆ రోజు నేర్చుకుంది. ఇది చిన్నపిల్లల లెక్క అనిపించడం లేదు నాకు. పెద్దయ్యాక మనమంతా చేస్తున్న లెక్క ఇదే.

మూడోది: "పట్నం పిల్లలకు కోళ్లెక్కడ కనబడతాయి?" కనబడవు, నిజమే. అలాంటప్పుడు వాళ్లకిచ్చే ఏకైక బొమ్మ మరింత నిజంగా ఉండవద్దూ? కోడిని చూసే వీలున్న పిల్ల బొమ్మను సరిదిద్దుకోగలదు. చూడని పిల్లకు బొమ్మే కోడి.

నార్వేలో ఒక పిల్లవాడుండేవాడు, థొర్లీఫ్ ష్యెల్డెరప్ ఎబ్బె. చిన్నతనం నుంచే కోళ్ల గుంపును గంటల తరబడి చూసి, ఏది దేన్ని పొడుస్తుందో, ఏది ఎవరికి దారిస్తుందో రాసుకునేవాడట. ఆ పరిశీలనలోంచి 1920ల మొదట్లో పొడుపు వరస అన్న భావన శాస్త్రంలోకి వచ్చింది. నేడు కార్యాలయాల్లో పెత్తనాల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇంగ్లీషులో ఆ మాటే వాడుతున్నారు. కోళ్లవైపు చూస్తున్న ఆ పిల్లవాడికి ఎవరైనా అయిదు వాక్యాలిచ్చి కంఠస్థం చేయమని ఉంటే? ఊహించడానికి మనసొప్పడం లేదు.

తిట్టి ఊరుకుంటే సరిపోదు కనుక ఏం చేయవచ్చో కూడా చెబుతాను. పిల్లలకు కోడి బొమ్మ ఇవ్వండి, గీతలే ఇవ్వండి, నమూనా ఇవ్వకండి. పుంజునూ పెట్టనూ పక్కపక్కన గీయండి. తేడా వాళ్లే చెబుతారు. ఒక రాలిన ఈక దొరికితే కడిగి ఆరబెట్టి, ఎండలో తిప్పి చూపించి, ఎన్ని రంగులు కనబడ్డాయో వేయమనండి. కొట్టం స్థానంలో గంప గీయండి, మునగచెట్టు గీయండి. ఇరవైయొక్క గళ్లు గీసి, పెట్ట పొదిగే రోజులకు రోజుకొక గడి చొప్పున రంగు వేయించండి. చివరి గళ్లకు వచ్చేసరికి గుడ్డులోని పిల్ల లోపలినుంచే కిచకిచమంటుందని, తల్లి బయటినుంచి బదులు పలుకుతుందని, పెంకు పగలగొట్టడానికి పిల్ల ముక్కు కొనన చిన్న ములుకు మొలుస్తుందని, పని కాగానే కొద్ది రోజుల్లో అది రాలిపోతుందని అప్పుడు చెప్పండి. చివరగా, వేసిన కోడికి పేరు పెట్టమనండి. డేగో, సేతువో, పూలో. ఏ పేరుకూ లొంగని రంగు వేస్తే కొత్త పేరు పెట్టనివ్వండి. మన పూర్వులూ అలాగే పెట్టి ఉంటారు.

ఆ రోజు మేనకోడలి మాట తోసేయలేక నేను మధ్యేమార్గం వెతికాను. ఖాళీ కాగితం మీద జుట్టుకు ఎరుపు, ముక్కుకు పసుపు, పిల్లలకు పసుపు వేయించి బడికి పంపాం. ఒంటికి ఏ రంగూ వేయలేదు. ఆ కాగితం ఎర్రసిరాతో "చాలా బాగుంది" అని మెచ్చుకోలు పొంది వచ్చింది. ఏమీ వేయనిచోటికి వచ్చిన మెచ్చుకోలు అది. మొదటి కాగితాన్ని నేను అడిగి తెచ్చుకున్నాను. నా రాతబల్ల ముందు గోడకు అంటించాను, ప్రశ్నార్థకంతో సహా. కింద తెలుగులో "కాకిడేగ" అని రాయించాను. ఒత్తులూ గుణింతాలూ ఇంకా రాని పిల్ల కదా, డే దగ్గర నా చేయి పట్టుకుంది.

మిత్రులారా, మీ ఊళ్లో కోడి రంగులకు ఏ పేర్లున్నాయో, మీ అమ్మమ్మలనూ తాతయ్యలనూ అడిగి రాయండి. నేను చెప్పినవాటితో పేచీ ఉంటే మరీ మంచిది, అదీ రాయండి. అవి కాగితమెక్కేలోపు చెప్పేవాళ్లు వెళ్లిపోతే, మనకు మిగిలేది ఆ తెల్లకోడే. దానికి రంగు వేయడానికి పెన్సిలు కూడా అక్కరలేదు.